ఎంత... అంత...: డచ్‌లో క్రియ ఎక్కడ?

షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ ఇచ్చిన డైక్‌స్ట్రా, పైథాన్ తయారుచేసిన గైడో వాన్ రోసమ్ ఇద్దరూ నెదర్లాండ్స్‌లో పుట్టినవాళ్లే. వాళ్ల భాష డచ్, ఇంగ్లిష్‌కి దగ్గర చుట్టం. నాలాగా ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు డచ్‌కి ఇంగ్లిష్ చాలనుకుంటారు. 'ఎంత... అంత...' వాక్యాల్లో మాత్రం మన తెలుగే ఎక్కువ పనికొస్తుంది.

ఈ వాక్యం చూడండి:

హూ లాంగర్ యె ఒప్ మెయ్ వాఖ్ట్, హూ కౌడర్ ద కొఫీ వోర్ట్.

అర్థం: ఎంత ఎక్కువసేపు నువ్వు నా కోసం ఆగితే, అంత చల్లగా కాఫీ అవుతుంది.

1. జంట పదం: తెలుగులో ఎంత, అంత వేర్వేరు. డచ్‌లో రెండు చోట్లా 'హూ' పెట్టొచ్చు.

2. 'అర్' చేరాలి: తెలుగులో 'చల్లగా' అనే మాట మారదు. డచ్‌లో కౌట్ (చల్లని) కాస్తా కౌడర్ అవుతుంది. లాంగర్‌లో 'అర్' తీసేసి 'హూ లాంగ్' అంటే 'ఎంతసేపు' అనే ప్రశ్న అయిపోతుంది. కొన్నిటికి రూపమే వేరు: ఖూట్ (మంచి) - బేతర్, వేల్ (చాలా) - మేర్.

3. క్రియ చివర: మామూలుగా 'యె వాఖ్ట్ ఒప్ మెయ్' అంటారు. క్రియ రెండో స్థానంలో, 'నా కోసం' దాని తర్వాత, ఇంగ్లిష్‌లో లాగే. ముందు 'హూ లాంగర్' రాగానే 'వాఖ్ట్' చివరికి పోతుంది. పైన తెలుగు అర్థంతో పోల్చండి, వరస అచ్చంగా అదే! ఇక్కడ ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే తడబడతాం, తెలుగులో ఆలోచిస్తే సరిపోతుంది.

రెండో 'హూ' బదులు 'డెస్ తె' కూడా వాడతారు:

హూ లాంగర్ యె ఒప్ మెయ్ వాఖ్ట్, డెస్ తె కౌడర్ వోర్ట్ ద కొఫీ.

అర్థం అదే, కానీ వోర్ట్ కాఫీ కంటే ముందుకొచ్చింది. ఎందుకంటే ఇది ప్రధాన వాక్యం, అందులో క్రియది రెండో స్థానం. 'డెస్ తె కౌడర్' మొత్తం ఒకటో స్థానం అనుకోండి. రెండో భాగంలో ఈ రెండు వరసలూ అటూ ఇటూ కలవడం ఉంది. మొదటి భాగంలో మాత్రం క్రియ చివరే.

ఇప్పుడు మీ వంతు. 'హూ మేర్ యె లేస్ట్' అంటే 'నువ్వు ఎంత ఎక్కువ చదివితే'. లేర్ట్ అంటే నేర్చుకుంటావు. 'అంత ఎక్కువ నేర్చుకుంటావు' అని రెండు రకాలుగా చెప్పండి.

జవాబు: హూ మేర్ యె లేర్ట్, డెస్ తె మేర్ లేర్ యె. రెండోదాంట్లో 'ట్' ఏమైంది? 'యె' క్రియ తర్వాత వస్తే ఆ 'ట్' ఊడిపోతుంది.