ఒక్క అక్షరం తేడా

ఖమ్మం

చిరంజీవి అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో నీకు బీటెక్ సీటొచ్చిందని అక్క ఫోన్‌లో చెబుతుంటే నా కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఫీజుల సంగతేందిరా?" అంది. పక్కనుంచి నువ్వు "నాకెవరి సాయం వద్దు" అనడం కూడా వినపడింది. అందుకే ఈ ఉత్తరం.

ముప్ఫై ఏళ్లు కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల సెక్షన్ చూశాను. మార్కులుండీ కాగితాల దగ్గర పోగొట్టుకున్న పిల్లల్ని ఎంతమందినో చూశాను. ఒకమ్మాయి టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. దాన్ని సరిచేయించుకునేసరికి గడువు దాటిపోయింది. వాళ్ల నాన్న ఫీజు కట్టడానికొస్తే ఆ డబ్బు లెక్కపెట్టింది నేనే. అన్నీ నలిగిన యాభైలు, వందలు. జూన్‌లోనే ఆ పిల్లను పిలిచి ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాట నీకు ముందే చెబుతున్నా.

ఇవాళే మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చు. రేపు మీసేవకు వెళ్లి ఆదాయం సర్టిఫికెట్‌కు అప్లై చెయ్యి. అది తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి, అడ్మిషన్ల రోజుల్లో అక్కడ రద్దీ. తర్వాత బ్యాంకుకు వెళ్లి, నీ ఖాతాకు ఆధార్ సీడింగ్ అయిందో లేదో అడుగు. రెండు ఖాతాలుంటే, ఆధార్ చివరిసారి సీడ్ చేసిన దాంట్లోనే ప్రభుత్వం సొమ్ము పడుతుంది. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో పడితే, రాలేదనుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

ఇక ఎక్కడెక్కడ వెతకాలో చెబుతా. మొదట మన రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్. ట్యూషన్ ఫీజు, మెయింటెనెన్స్ ఫీజు రెండూ దాని ద్వారానే వస్తాయి. బావ ఆదాయం దాని పరిమితి దాటినా దిగులుపడకు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఉంది. అందులో ముందుగా ఓటీఆర్ (వన్‌టైమ్ రిజిస్ట్రేషన్) నంబర్ తీసుకోవాలి. సాంకేతిక కోర్సుల్లో చేరే ఆడపిల్లలకు ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. ఇంటర్ బోర్డులో 80వ పర్సంటైల్ దాటినవాళ్లకు, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపుంటే, కేంద్రం మొదటి మూడేళ్లు ఏటా 12,000, బీటెక్ నాలుగో ఏడు 20,000 ఇస్తుంది. చాలా పథకాల్లో ఒకటి తీసుకుంటూ రెండోది తీసుకోకూడదు. అన్నిటి నిబంధనలూ చదివి, నీకు ఏది ఎక్కువ మేలో చూసి పట్టుకో.

ఆన్‌లైన్‌లో సబ్మిట్ నొక్కగానే పని అయిపోయిందనుకోవద్దు. కాలేజీ వాళ్లు వెరిఫై చేస్తేనే అది ముందుకు కదులుతుంది. వారానికోసారి స్టేటస్ చూడు. తప్పుందని వెనక్కి పంపితే గడువులోగా సరిచేసి మళ్లీ పంపు. ఏటా రెన్యువల్ మర్చిపోవద్దు. హాజరు 75 శాతం కంటే తగ్గనివ్వకు. స్కాలర్‌షిప్ ఇప్పిస్తానని డబ్బులడిగినా, ఓటీపీ అడిగినా ఎవరికీ ఇవ్వొద్దు.

చివరగా నీ మాట గురించి. ఎవరి సాయం వద్దనుకునే నీ పట్టుదల నాకిష్టమే. కానీ ఇది ఎవరో జాలిపడి వేసే దానం కాదు తల్లీ. నీలాంటి పిల్లలు చదవాలని జనం కట్టిన పన్నుల్లోంచి పక్కన పెట్టిన సొమ్ము. అడగడానికి సిగ్గుపడితే నీ వంతు భారం కూడా బావ భుజాల మీదే పడుతుంది.

ఈ ఉత్తరం మడిచే ముందే మెమో బయటికి తియ్యి. ఒక్క అక్షరం తేడా ఉన్నా నాకు ఫోన్ చెయ్యి. ఆధార్ సెంటర్‌కు నేనే తీసుకెళ్తా.

ఆశీస్సులతో,
మీ మామయ్య