ఏలికపామును ఊపిరితిత్తులును

విద్యార్థులారా, ఏలికపాము ప్రేగులలో నివసించును. కాని దాని బాల్యములో కొంత ఊపిరితిత్తులలో గడచును. మలముతో గలిసిన మట్టి యంటిన చేతులవలనను, కడుగని కూరలవలనను దాని గ్రుడ్లు కడుపు చేరును. వానినుండి వెడలిన పిల్లపురుగులు ప్రేగుగోడను దొలిచి, రక్తముతో కాలేయము మీదుగా ఊపిరితిత్తులకు బోయి, పిదప గొంతునకు బ్రాకి, మ్రింగబడి, మరల ప్రేగులు చేరి పెద్దవగును. 1922లో జపానుదేశపు వైద్యుడు కొయినో 2000 గ్రుడ్లను తానే మ్రింగి, తన కఫములో ఆ పురుగులను గాంచి, దీనిని ఋజువుపరచెను.

ఆ ప్రయాణకాలమున దగ్గు, ఆయాసము, జ్వరము, పిల్లికూతలు కలుగవచ్చును. 2015 నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమున బడులలో నిచ్చు ఆల్బెండజోలు మాత్ర ప్రేగులలోని పురుగులను జంపును. క్రొత్త గ్రుడ్లను మాత్రము ఆపజాలదు. దగ్గు తగ్గనిచో వైద్యునికి జూపుడు. జీడిమెట్ల బాలలారా, భోజనమునకు ముందును, మలవిసర్జన పిదపను సబ్బుతో చేతులు కడుగుడు. దేవుడొసగిన ఊపిరిని గాపాడుకొనుడు.