నేతగాని చేయి: మోచేయి, ముంజేయి, మణికట్టు

మగ్గమునకు ఎన్ని అంగములున్నవని నేతగానిని అడిగినచో తడుముకొనక చెప్పును. పన్నెలో ఒక్క పల్లు వంగినను, నాడె మొన అరిగినను, గుడ్డ చూడకముందే అతని చేతికి తెలిసిపోవును. కాని ఆ చేతికే ఎన్ని అంగములున్నవని అడిగినచో మనలో చాలమందిమి ఊరకుందుము. మగ్గము చెడినచో బాగుచేయుటకు వడ్రంగి కలడు. చేయి చెడినచో ఇంటిల్లిపాది జీవనము ఆగును. కావున ఈ పాఠమున మోచేతినుండి మణికట్టు వరకు గల యంత్రమును, మగ్గమును చూచినట్లే, భాగము భాగముగా చూతము.

మోచేయి

మోచేతివద్ద మూడు ఎముకలు కలియుచున్నవి. పైనుండి వచ్చునది దండచేతి ఎముక. క్రింద ముంజేతిలో రెండు ఎముకలున్నవి. చిటికెనవ్రేలి వైపు దానిని అల్నా అనియు, బొటనవ్రేలి వైపు దానిని రేడియస్ అనియు వైద్యులు పిలుతురు. అల్నా పైకొన కొక్కెమువలె వంగి దండచేతి ఎముకను పట్టుకొని యుండును. తలుపు బందువలె ముడుచుకొనుట, చాచుకొనుట దీని పని. మోచేయి ఆనించినప్పుడు బల్లకు తగులు గట్టి మొన ఈ అల్నాదే. రేడియస్ పైకొన గుండ్రని బిళ్ళవలె నుండి, చుట్టునున్న గట్టి పట్టీలో ఇరుసువలె తిరుగును.

మోచేతికి లోపలి వైపున, ఎముక వెనుక గాడిలో, ఒక నరము చర్మమునకు చాల దగ్గరగా పోవుచున్నది. అక్కడ దెబ్బ తగిలినచో చిటికెనవ్రేలి వరకు జివ్వుమనుట అందరికిని అనుభవమే. అది ఎముక నొప్పి కాదు, నరము నొప్పి.

ముంజేయి

అరచేయి పైకి పెట్టినప్పుడు ముంజేతి ఎముకలు రెండును ప్రక్కప్రక్కన ఉండును. అరచేయి క్రిందికి త్రిప్పినచో రేడియస్ అల్నామీదుగా అడ్డము పడును. ఈ ఏర్పాటు లేనిచో కండె మార్చుట, తెగిన పోగు ముడివేయుట మనకు సాధ్యము కాదు.

ఇప్పుడొక పరీక్ష చేయుడు. ఎడమ చేతితో కుడి ముంజేతిని మోచేతికి కొంచెము దిగువ పట్టుకొని, కుడిచేతి వ్రేళ్ళను ఆడింపుడు. కదలిక అక్కడ తెలియును. వ్రేళ్ళలో కండరములు లేవు. అరచేతిలో చిన్న కండరములున్నను, గట్టిగా పట్టు బలములో చాలభాగము ముంజేతి కండరములదే. అవి స్నాయుబంధనములను పొడుగాటి త్రాళ్ళద్వారా వ్రేళ్ళను లాగును. క్రింద కాలు తొక్కిన చెక్క త్రాళ్ళద్వారా పైనున్న అచ్చులను కదల్చినట్లే ఇదియును. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠువలన వ్రేళ్ళు ముడుచుకొనిపోయిన వారికి పనిచేయుచున్న కండరపు త్రాటిని వ్రేళ్ళకు మళ్ళించి కుట్టి, చేతులను మరల పనికి తెచ్చెను.

మణికట్టు

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరియున్నవి. ఇవి విల్లువలె వంగి, అరచేతి వైపున ఒక గాడి చేయును. ఆ గాడిపై గట్టి పట్టీ బిగించి యుండుటచే అది సొరంగమైనది. ఆ ఇరుకు సొరంగములో తొమ్మిది త్రాళ్ళును, ఒక నరమును పోవుచున్నవి. త్రాళ్ళు వాచినచో నొక్కుడు పడునది నరమే.

మరియొక పరీక్ష. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగింపుడు. పిడికిలి సరిగా మూయదు, బలమును ఉండదు. మణికట్టు తిన్నగా గాని, కొంచెము వెనుకకు గాని ఉన్నప్పుడే పట్టు నిండుగా వచ్చును.

మన పనిలో శ్రమ ఎక్కడ?

చెన్నపట్టణమున 1734లో ఈస్టిండియా కంపెనీవారు నేతవారికై ఒక పేట కట్టించిరి. తమిళమున తరి యనగా మగ్గము. చిన్న తరి పేటయే చింతాద్రిపేట అయినదని చెప్పుదురు. అంతకు ముందేడు 1733లో ఇంగ్లండున జాన్ కే త్రాటితో లాగెడి నాడెకు పేటెంటు పొందెను. అది మన మగ్గములకు చేరుటకు చాలకాలము పట్టినది. అంతవరకు నాడెను విసరుట, అందుకొనుట రెండు చేతులు పంచుకొనెడివి. త్రాటి నాడె వచ్చినపిమ్మట ఒక చేయి త్రాడు లాగును, రెండవ చేయి పలక ఊపును. గుడ్డ త్వరగా దిగినది గాని, ఒక్కొక్క చేతికి ఒకే కదలిక మిగిలినది. నిమిషమునకు 40 పేకపోగులు అనుకొన్నను గంటకు 2,400, ఆరు గంటలకు 14,400. ఇన్ని మారులు ఒకే త్రాడు ఒకే చోట లాగబడుచున్నది.

దీనివలన వచ్చు బాధలు ముఖ్యముగా మూడు. మొదటిది, మోచేతి వెలుపలి గుబ్బవద్ద నొప్పి. మణికట్టును వెనుకకు ఎత్తు కండరములు పుట్టు చోటు అది. చెంబు ఎత్తినను, పిడి పట్టినను నొప్పి పుట్టును. పని తగ్గించినచో చాలమందికి నెలలమీద తగ్గును. రెండవది, చిటికెనవ్రేలు, దాని ప్రక్క వ్రేలు తిమ్మిరెక్కుట. చాలసేపు మోచేయి ముడిచియుంచుట, గట్టి అంచుపై ఆనించుట దీనికి కారణములు. మూడవది, బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు రాత్రివేళ తిమ్మిరెక్కి నిద్రలేపుట. ఇది మణికట్టు సొరంగములోని నరము నొక్కుకొనుట. మధుమేహము గలవారికి, గర్భిణీ స్త్రీలకు ఇది హెచ్చు. కండెలు చుట్టు మన ఆడవారు దీనిని చలువ అనియో, వాతమనియో త్రోసివేయరాదు. ఏండ్ల తరబడి ఊరకున్నచో బొటనవ్రేలి మొదట నున్న కండ కరిగిపోవును. అట్లు కరిగిన కండ చికిత్స చేసినను పూర్తిగా తిరిగి వచ్చునని చెప్పలేము.

చేయవలసినవి

త్రాటి పిడి పిడికిలికి నిండుగా, మెత్తని గుడ్డ చుట్టి యుండవలెను. సన్నని పిడిని బిగించి పట్టుటకు ముంజేయి ఎక్కువ శ్రమపడును. మోచేయి ప్రక్కటెముకలకు దగ్గరగా, మణికట్టు తిన్నగా ఉండునట్లు త్రాటి పొడవును, కూర్చుండు పీట ఎత్తును సరిచేసికొనవలెను. నాడె పోవు దారి నునుపుగా నున్నచో లాగుడు తేలికయగును. గంటకొకమారు లేచి, చేతులు చాచి, కొన్ని నిమిషములు విశ్రాంతి ఈయవలెను. రాత్రి తిమ్మిరి వచ్చువారు మణికట్టు వంగకుండ పట్టీ కట్టుకొని పరుండుట మంచిది. నరము నొక్కుకొన్నచోట గట్టిగా పిసికించుకొనరాదు.

తిమ్మిరి కొన్ని వారములైనను తగ్గకున్నను, చేతినుండి వస్తువులు జారుచున్నను వైద్యుని చూడవలెను. మన నగరమున స్టాన్లీ ప్రభుత్వ వైద్యశాలలో డాక్టరు ఆర్. వెంకటస్వామి నెలకొల్పిన చేతి చికిత్సా విభాగము ఉన్నది. చేయి చూపించుటకు ఒక పూట కూలి పోవునని వెనుదీయువారు, బొటనవ్రేలి పట్టు తప్పినచో ఎన్ని పూటల కూలి పోవునో లెక్క వేసికొందురు గాక.