కంఠంలోని చిన్న గ్రంథి

లాలాజలం నోటిలోకి, చెమట చర్మం మీదికి నాళాల ద్వారా చేరుతాయి. నాళాలు లేక, తమ స్రావాన్ని నేరుగా రక్తంలోకి వదిలే గ్రంథులు మరికొన్ని ఉన్నాయి. వీటిని వినాళ గ్రంథులనీ, ఆ స్రావాలను హార్మోన్లనీ అంటారు. పీయూష గ్రంథి, అధివృక్క గ్రంథులు, థైరాయిడ్ మొదలైనవన్నీ ఈ కోవలోనివే. అన్నింటినీ ఒక్కచోట చెప్పబూనితే ఏదీ మనసుకు పట్టదు. కనుక, స్త్రీలను ఎక్కువగా బాధించే థైరాయిడ్ గురించి మాత్రమే ముచ్చటిస్తాను.

ఇది కంఠం ముందుభాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. బరువు సుమారు 20 గ్రాములు. ఆహారంలోని అయోడిన్‌ను గ్రహించి థైరాక్సిన్‌ను తయారు చేస్తుంది. గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక, నెలసరి క్రమం ఇవన్నీ దీని అదుపులోనివే.

దీనిపైన పెత్తనం మెదడు అడుగున శనగగింజంత ఉన్న పీయూష గ్రంథిది. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే అది టి.ఎస్.హెచ్. అనే హార్మోన్‌ను ఎక్కువగా పంపి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. కనుక సాధారణంగా పరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగిందంటే థైరాయిడ్ మందగించిందని అర్థం. "నాకు థైరాయిడ్ ఎక్కువైందండీ" అంటూ వచ్చేవారిలో చాలామందికి నిజానికి ఉన్నది తక్కువే!

నా పొరపాటు ఒకటి చెప్పాలి. వైద్యం ఆరంభించిన తొలి రోజులలో ఒక గృహిణి వచ్చారు. ముఖం ఉబ్బు, పాలిపోయిన చర్మం, మలబద్ధకం, ఎండాకాలంలోనూ చలి. పాండువుతో కూడిన శోథగా నిర్ణయించి పునర్నవ మండూరం ఇచ్చాను. మూడు నెలలు గడిచాయి. ఆమె గొంతు బొంగురుపోయిందని భర్త చెప్పాకగాని రక్తపరీక్ష చేయించాలని నాకు తోచలేదు. థైరాయిడ్ దాదాపు పనిచేయడం మానివేసింది. లక్షణాలను గుర్తించాను, కారణాన్ని వెదకలేదు. ఆమె పడిన ఆ మూడు నెలల బాధకు బాధ్యత నాదే.

థైరాక్సిన్ మాత్రలతో ఆమె కోలుకున్నారు. పిదప ఎవరో చెప్పిన కషాయాన్ని నమ్మి మాత్రలు మానేశారు. రెండు వారాలు హాయిగానే ఉండడంతో అది కషాయ మహిమే అనుకున్నారు. అసలు సంగతి వేరు. శరీరంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. ఆమెను నిలబెట్టింది పాత మాత్రల నిల్వే. రెండు నెలలలో ఉబ్బు మళ్ళీ వచ్చింది.

గళగండానికి మన శాస్త్రంలో కాంచనార గుగ్గులు వాడుక ఉన్నది. నేనూ ఇస్తాను. కాని శక్తి ఉడిగిన గ్రంథికి బదులు థైరాక్సిన్‌ను అది సమకూర్చలేదు. మాత్రను ఉదయం పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, అరగంట నుండి గంట వరకు కాఫీ, ఫలహారం ముట్టరాదు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. మండూరం కూడా ఇనుముతో చేసినదే కనుక దానికీ ఇదే నియమం. అయోడిన్ ఉప్పును మూత బిగించిన డబ్బాలో ఉంచండి. క్యాబేజీ మానవలసిన పనిలేదు, ఉడికించి తినండి.

గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే వైద్యునికి చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. తొలి మూడు నెలలు శిశువు మెదడు ఎదుగుదలకు కావలసిన థైరాక్సిన్ తల్లి నుండే అందాలి.