స్మార్ట్‌ఫోను తెరలు: జాతిభేదం, వ్యక్తిభేదం

తర్కశాస్త్రం జాతి, వ్యక్తి అని రెండు మాటలు చెబుతుంది. గోత్వం జాతి. మన పెరటిలో కట్టివేసిన ఆవు వ్యక్తి. నేడు ప్రతి విద్యార్థి చేతిలోనూ ఉన్న స్మార్ట్‌ఫోను తెరను గురించి ఆలోచించేటప్పుడు ఈ విభాగం ఎంతో ఉపకరిస్తుంది. ఒక నమూనాకూ మరొక నమూనాకూ గల తేడా జాతిభేదం. ఒకే నమూనాకు చెందిన రెండు ఫోన్ల మధ్య గల తేడా వ్యక్తిభేదం.

ఒకే ధర చెల్లించి ఒకే నమూనా కొన్న ఇద్దరు మిత్రులు తమ ఫోన్లను పక్కపక్కన పెట్టి చూచుకొని, ఒక తెర పచ్చగానూ మరొకటి తెల్లగానూ ఉన్నదని గ్రహించి, దుకాణదారు మోసం చేశాడని వాపోవటం కద్దు. అది మోసమా, లోపమా, లేక సహజమైన తేడాయా? తలిదండ్రులు కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో కొన్న వస్తువు విషయంలో ఈ ప్రశ్న చిన్నది కాదు. దీనికి సమాధానం చెప్పాలంటే తెర నిర్మాణం కొంత తెలియాలి.

1. జాతిభేదం

నేటి ఫోను తెరలు ప్రధానంగా రెండు జాతులు. మొదటిది ఎల్‌సీడీ, అనగా ద్రవస్ఫటికాల తెర. ద్రవస్ఫటిక స్వభావాన్ని 1888లో ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ రైనిట్జర్ గుర్తించాడు. ఈ తెరలో వెలుగు వెనుకనున్న తెల్లని ఎల్ఈడీ దీపాల నుండి వస్తుంది. ద్రవస్ఫటికాలు తలుపుల వలె ఆ వెలుగును కొంత వదలుతూ, కొంత ఆపుతూ ఉంటాయి. తలుపు ఎంత మూసినా సందులోనుండి కొంత వెలుగు రాక మానదు. అందువలన ఈ తెరపై నలుపు చీకటిగదిలో బూడిదరంగుగా కనిపిస్తుంది.

రెండవది ఓలెడ్ తెర. ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ప్రకటించిన పరిశోధన దీనికి పునాది. ఇందులో ప్రతి బిందువూ తానే వెలుగుతుంది. నలుపు కావలసినచోట ఆ బిందువు పూర్తిగా ఆరిపోతుంది. కనుక నలుపు నిజమైన నలుపే. అయితే గుణంతో పాటు దోషమూ ఉంది. పక్కకు వంచి చూస్తే కొన్ని ఓలెడ్ తెరలు నీలివన్నెకు తిరుగుతాయి. వెలుతురు తగ్గించినపుడు చాలా ఓలెడ్ తెరలు సెకనుకు కొన్ని వందల సార్లు ఆరి వెలుగుతుంటాయి. రాత్రివేళ చదివే కొందరికి దీనివలన తలనొప్పి కలుగుతుంది.

బిందువుల అమరికలోనూ భేదం ఉంది. అడ్డంగా 1080, నిలువుగా 2400 బిందువులు గల తెరలో మొత్తం 25,92,000 బిందువులు ఉంటాయి. ప్రతి బిందువుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అను మూడు ఉపబిందువులు ఉంటే వాటి సంఖ్య 77,76,000 అవుతుంది. చాలా ఓలెడ్ తెరలలో ఆకుపచ్చ మాత్రమే పూర్తి సంఖ్యలో ఉండి, ఎరుపు, నీలం అందులో సగమే ఉంటాయి. అప్పుడు మొత్తం 51,84,000 మాత్రమే. కాగితంపై లెక్క ఒకటే అయినా తెరపై సరుకు ఒకటి కాదు.

ఈ తేడా మన వంటి రెండు లిపుల విద్యార్థులకు మరింత ముఖ్యం. తెలుగులో "రాష్ట్రం" అన్న మాటలో ఒకే అక్షరం కింద రెండు వత్తులు ఒదగాలి. ఉర్దూలో బే, పే, తే అక్షరాలకు దేహం ఒకటే, భేదమంతా చుక్కలలోనే ఉంది. బిందువులు దట్టంగా ఉన్న తెరపై ఇవి స్ఫుటంగా నిలుస్తాయి. పలుచగా ఉన్న తెరపై అంచులు చెదిరి కన్ను శ్రమపడుతుంది.

ఒకే పేరుతో వెలువడిన ఫోన్లు కూడ వేరువేరు తెరలు ధరించవచ్చును. 2017లో గూగుల్ సంస్థ పిక్సెల్ 2, పిక్సెల్ 2 ఎక్స్ఎల్ అను రెండు ఫోన్లను విడుదల చేసింది. మొదటిదాన్ని హెచ్‌టీసీ, రెండవదాన్ని ఎల్‌జీ తయారుచేశాయి. పెద్ద ఫోను తెర వంచితే నీలంగా కనిపిస్తున్నదనీ, పాత బొమ్మల నీడలు నిలిచిపోతున్నవనీ ఫిర్యాదులు వచ్చాయి. గూగుల్ ఆ రెండు ఫోన్లకూ హామీ కాలాన్ని రెండేండ్లకు పెంచింది. వినియోగదారులు పరిశీలించి అడిగినందువలన కలిగిన ఫలితమది.

2. వ్యక్తిభేదం

ఇక ఒకే జాతిలో వ్యక్తుల మధ్య తేడా ఎందుకు? ఎల్‌సీడీ వెనుకనున్న తెల్లని దీపం నిజానికి నీలి దీపం. దానిపై పసుపు వన్నె నిచ్చే పదార్థం పూయటం వలన రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తుంది. పూత రవంత ఎక్కువైతే తెలుపు పసుపు వైపు, తక్కువైతే నీలం వైపు మొగ్గుతుంది. అందుచేతనే దీపాలను వన్నెను బట్టి వేరుచేసి వాడతారు. అయినా ఒక్కొక్క తరగతిలో కొంత వ్యత్యాసం మిగులుతుంది.

ఓలెడ్ తెరలో పని మరింత సున్నితం. కర్బన పదార్థాలను శూన్యంలో ఆవిరిచేసి, సన్నని రంధ్రాలు గల లోహపు రేకు గుండా గాజుపై పొరలుగా నిలుపుతారు. ఆ పొరలన్నీ కలిసినా మన వెంట్రుక మందంలో కొన్ని వందలవ వంతే. పొర మందంలో అణుమాత్రపు తేడా వచ్చినా వన్నె మారుతుంది. ప్రతి బిందువునూ నడిపే సిలికాన్ ట్రాన్సిస్టర్లు కూడ అన్నీ సరిసమానం కావు. సిలికాన్‌ను లేసర్ కిరణంతో స్ఫటికాలుగా మార్చేటపుడు రేణువులు అన్నిచోట్లా ఒకే తీరున ఏర్పడవు. అందువలన ఒకే ఆజ్ఞకు ఒక బిందువు ఎక్కువగా, మరొకటి తక్కువగా వెలుగుతుంది. వెలుతురు తగ్గించినపుడు విద్యుత్తు అతి స్వల్పం కనుక ఈ అసమానత అప్పుడే బయటపడుతుంది. దీనిని పరిశ్రమలో "మురా" అనే జపానుమాటతో పిలుస్తారు. కర్మాగారంలో కెమెరాతో తెరను పరీక్షించి, ఏ బిందువుకు ఎంత సవరణ కావాలో ఆ తెర జ్ఞాపకకోశంలో వ్రాస్తారు. ఈ సవరణకు ఎంత కాలం, ఎంత ధనం వెచ్చిస్తారన్నది ఫోను ధరను బట్టి ఉంటుంది.

మరి రెండు కారణాలు ఉన్నాయి. ఒకే నమూనాకు ఇద్దరు ముగ్గురు సరఫరాదారుల నుండి తెరలు కొనటం వాడుక. అట్లే వయస్సు. ఓలెడ్‌లో నీలం త్వరగా క్షీణిస్తుంది. నిత్యం ఒకేచోట నిలిచే గుర్తులు మచ్చలుగా మిగులుతాయి. పగిలిన ఓలెడ్ తెర బదులు చవకగా ఎల్‌సీడీ తెర బిగించిన పాత ఫోను, పేరుకు అదే నమూనా అయినా, జాతి మారిన ఫోనే.

3. కన్ను చెప్పే సాక్ష్యం

మన కన్ను తెలుపునకు త్వరగా అలవాటు పడుతుంది. ఒంటరిగా చూస్తే ప్రతి తెరా తెల్లనిదే. రెండింటిని పక్కన పెట్టినపుడే తేడా తెలుస్తుంది. 1942లో డేవిడ్ మాకాడమ్ జరిపిన పరిశోధన, కన్ను గుర్తించగల అతిచిన్న వర్ణభేదం అన్ని రంగులకూ సమానం కాదని చూపింది. తయారీదారు అనుమతించిన హద్దు కన్ను గుర్తించే హద్దు కన్న పెద్దదైనచోట ఫిర్యాదు పుడుతుంది.

భాషావిషయం కూడ ఒకటి గమనించాలి. మన "పచ్చ" పసుపునకూ ఆకుపచ్చకూ చెల్లుతుంది. తెర విషయంలో ఆ రెండూ ఒకటి కాదు. తెలుపు పసుపు వైపు మొగ్గటం చాలవరకు సవరణలోని తేడా. మసకవెలుతురులో బూడిదరంగు ఆకుపచ్చగా కనిపించటం ఓలెడ్ బిందువుల అసమానత. ఫిర్యాదులో ఏది అన్నది స్పష్టంగా వ్రాయాలి.

4. తేడా ఏది? లోపం ఏది?

కొన్న రోజుననే ఈ పరీక్ష చేయటం మేలు. కంటికి హాయినిచ్చే రాత్రి అమరికను, వెలుతురును బట్టి రంగు మార్చే అమరికను ఆపివేయాలి. రెండు ఫోన్లలో వర్ణవిధానం, వెలుతురు సమానం చేయాలి. తెల్లని పుటను, తర్వాత చీకటిగదిలో తక్కువ వెలుతురుతో ముదురు బూడిద పుటను చూడాలి. తెర అంతా ఒకే వన్నెగా ఉండి పొరుగు ఫోనుతో స్వల్పంగా భేదిస్తే అది వ్యక్తిభేదం. అమరికలో సవరించుకోవచ్చును. ఒకే తెరలో ఒక సగం ఒక వన్నె, మరొక సగం వేరొక వన్నె అయినా, గీతలు, చచ్చిన బిందువులు ఉన్నా దానిని లోపంగా భావించి హామీ గడువులోనే రసీదుతో అడగాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యతలో, ప్రమాణంలో ఉండవలసినదానికి కొరత కలిగితే దానిని లోపమనే నిర్వచించింది. ప్రకటనలో అమ్మకందారు చెప్పిన గుణం లేకపోవటం కూడ అందులోకి వస్తుంది.

పరీక్షించక ముందే దుకాణదారును నిందించటం అన్యాయం. పరీక్షించి లోపం తెలిసిన పిదప మౌనం వహించటం మనకు మనం చేసుకునే అన్యాయం. వ్యక్తిభేదం ప్రకృతిలో ఉన్నట్లే యంత్రంలోనూ ఉంటుంది. దానికి హద్దు నిర్ణయించటం తయారీదారు ధర్మం. ఆ హద్దు దాటినపుడు గుర్తించి అడగటం విద్యావంతుని ధర్మం.