అద్దం ముందు మన పిల్లలు

"అమ్మీ! నా ముక్కుకి ఆపరేషన్ చేయించండి. కాలేజీలో అందరూ నవ్వుతున్నారు." పదహారేళ్ల కూతురు కన్నీళ్లతో ఇలా అడిగితే తల్లి ఏం చెప్పాలి? ఒకప్పుడు ఇది సినిమా తారల ముచ్చట. నేడు మన ఇళ్లలోకీ వచ్చింది. "చేయిస్తే సంబంధాలు తేలిగ్గా కుదురుతాయి" అనుకునే తల్లిదండ్రులూ లేకపోలేదు. "హరామ్, నోరు మూసుకో" అని కసిరి వదిలేసేవారూ ఉన్నారు. ఈ రెండూ సరైన పద్ధతులు కావు. షరీఅత్ ఏం చెబుతోందో ప్రశాంతంగా తెలుసుకుందాం.

శరీరం అమానతు

అల్లాహ్ మానవుణ్ణి అత్యుత్తమమైన ఆకృతిలో సృజించానని సూరా అత్తీన్ (95:4)లో తెలియజేశాడు. అల్లాహ్ సృష్టిని మార్చేలా మనుషులను ప్రేరేపిస్తానని షైతాన్ శపథం చేసిన సంగతి సూరా అన్‌నిసా (4:119)లో ఉంది. అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకునే, కనుబొమలు పీకించుకునే, పచ్చబొట్లు పొడిపించుకునే స్త్రీలు శాపగ్రస్తులని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

ఈ హదీసులోని "అందం కోసం" అన్న మాటను గమనించండి. చికిత్స కోసమో, లోపాన్ని సరిచేయడం కోసమో చేయించుకుంటే తప్పులేదని ఇమామ్ నవవీ (రహ్మలై) దీన్నిబట్టే వివరించారు.

చికిత్సకు తలుపు మూయలేదు

హజ్రత్ అర్‌ఫజా బిన్ అస్‌అద్ (రజి) అజ్ఞానకాలంలో కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. పురుషులకు నిషిద్ధమైన బంగారాన్ని సైతం అవసరం కొద్దీ అనుమతించారన్నమాట!

2007లో మలేసియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కూడా ఇదే గీత గీసింది. గ్రహణమొర్రి, అతుక్కుపోయిన వేళ్లు, కాలిన గాయాలు, ప్రమాదాల వల్ల కలిగిన వికృతి వంటివి సరిచేయించుకోవడం ధర్మసమ్మతం. వికృతి వల్ల మనసుకు కలిగే బాధను కూడా అకాడమీ లెక్కలోకి తీసుకుంది. కాని మామూలుగా ఉన్న ముఖాన్ని మోజు కొద్దీ, ఇతరులను అనుకరిస్తూ మార్చుకోవడం ధర్మసమ్మతం కాదు. కాబట్టి గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డకు "అల్లాహ్ ఇచ్చిన రూపం" అంటూ వైద్యం మానేయడం భక్తి కాదు, అన్యాయం.

యుక్తవయసు, వివేకం ఒకటి కావు

"నేను బాలిగ్‌ని. నమాజు, రోజాలు నాపై విధి అయినప్పుడు ఈ నిర్ణయం నాది కాదా?" అని పిల్లలు అడగవచ్చు. మంచి ప్రశ్నే. జవాబు దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. అనాథలు యుక్తవయసుకు చేరాక కూడా, వారిలో వివేకం కనిపించినప్పుడే వారి ఆస్తిని అప్పగించమని సూరా అన్‌నిసా (4:6) ఆదేశిస్తోంది. ఆస్తి పోతే మళ్లీ సంపాదించవచ్చు. కోసిన ముక్కు మళ్లీ మొదటిలా రాదు. మరి ఏ విషయంలో ఎక్కువ నిదానం కావాలి?

వైద్యులు చెప్పేదీ ఇదే. ముఖం ఎముకల ఎదుగుదల పూర్తికాకుండా ముక్కు ఆపరేషన్ సాధారణంగా చేయరు. మగపిల్లల్లో ఆ ఎదుగుదల మరింత ఆలస్యంగా ముగుస్తుంది. యుక్తవయసులో కొందరు అబ్బాయిలకు ఛాతీ ఉబ్బుతుంది. చాలామందిలో అది రెండు మూడేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. లేని లోపం ఉన్నట్టు, చిన్న లోపం కొండంత ఉన్నట్టు తోచే మానసిక రుగ్మత కూడా తరచు ఈ వయసులోనే మొదలవుతుంది. అలాంటి వారికి కావలసింది కత్తి కాదు, మానసిక వైద్యుడు. పెదవులు ఉబ్బించే, ముడతలు పోగొట్టే సూదిమందులను 18 ఏళ్లలోపు వారికి అందం కోసం ఇవ్వడాన్ని ఇంగ్లండు 2021లో చట్టరీత్యా నిషేధించింది.

నవ్వు ఎక్కడ మొదలైంది?

ఇక మనల్ని మనం ప్రశ్నించుకుందాం. ఆ అమ్మాయి ముక్కును చూసి మొదట నవ్విందెవరు? చాలాసార్లు కాలేజీ కాదు, మన ఇల్లే. "నల్లపిల్ల", "చప్పిడిముక్కు" అని ముద్దుగా పిలిచామనుకుంటాం. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డపేర్లతో పిలవవద్దని సూరా అల్‌హుజురాత్ (49:11) వారించింది ఇలాంటి మాటలనే.

పై హదీసును ఉల్లేఖించిన హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) కాళ్లు చాలా సన్నగా ఉండేవి. ఒకరోజు ఆయన చెట్టెక్కితే, గాలికి బట్ట తొలగి ఆ కాళ్లు కనిపించి సహచరులు నవ్వారు. అల్లాహ్ త్రాసులో ఆ కాళ్లు ఉహుద్ పర్వతం కంటే బరువైనవని దైవప్రవక్త (స) అన్నారు. ఆయన కాళ్లను మార్చలేదు, చూసేవారి కళ్లను మార్చారు!

కాబట్టి తల్లులారా, తండ్రులారా! బిడ్డ అడిగినప్పుడు కసరకండి, ముందు వినండి. నిజమైన వైకల్యం ఉంటే మంచి వైద్యుణ్ణి, నమ్మకమైన ఆలింను సంప్రదించండి. కేవలం మోజే అయితే ప్రేమతో ఆపండి. కోడలిని వెతికేటప్పుడు మీరు కూడా రంగు, ముక్కు కాక గుణం చూడండి. అప్పుడే మీ మాటను మీ కూతురు నమ్ముతుంది.

అల్లాహ్ మన రూపాలను చక్కగా మలచినట్లే మన గుణాలను కూడా చక్కగా మలచుగాక! ఆమీన్.