నాదమును కొలచిన శాస్త్రజ్ఞుడు

ఒక తరగతిలోని విద్యార్థులందరు ఒకే పాటను విందురు. ఒకరు వెంటనే దానిని తప్పు లేక పాడుదురు. వేరొకరు ఎంత యత్నించినను శ్రుతి కలుపజాలరు. ఈ భేదమునకు కారణమేమి? దానిని కొలచుట సాధ్యమా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకిన తొలి మనశ్శాస్త్రజ్ఞులలో కార్ల్ ఎమిల్ సీషోర్ ముఖ్యుడు.

సీషోర్ 1866వ సంవత్సరమున స్వీడన్ దేశమందు జన్మించెను. ఆయనకు మూడేండ్ల ప్రాయమున తలిదండ్రులు అమెరికాకు వలసపోయి, అయోవా రాష్ట్రమున స్థిరపడిరి. వారి ఇంటిపేరునకు స్వీడిష్ భాషలో సముద్రతీరమని యర్థము. ఆ యర్థమునే ఆంగ్లమున నిలుపుకొని వారు సీషోర్ అను పేరు గ్రహించిరి. కార్ల్ బాల్యముననే చర్చిలో ఆర్గన్ వాద్యమును వాయించుచుండెను. 1895లో యేల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, 1897లో అయోవా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగా చేరెను.

ఆ కాలమున సంగీత ప్రతిభను నిర్ణయించుటకు గురువుల అభిప్రాయమే ఆధారము. సీషోర్ దానితో తృప్తి చెందలేదు. 1919లో ఆయన గ్రామఫోను రికార్డుల ద్వారా జరుపదగిన పరీక్షలను ప్రకటించెను. రికార్డునుండి రెండు స్వరములు వినబడును. రెండవది మొదటిదానికంటె హెచ్చో తగ్గో విద్యార్థి వ్రాయవలెను. కొన్ని జతలలో భేదము స్పష్టము, మరికొన్నింట అతిసూక్ష్మము. ధ్వని తీవ్రత, కాలవ్యవధి, స్వరజ్ఞాపకము మున్నగువానికిని ఇట్టి పరీక్షలే యుండెను.

తరువాత ఆయనయు, ఆయన శిష్యులును గాయకుల గానమును యంత్రములతో పరిశీలించిరి. పాశ్చాత్య గాయకుడు నిలిపిన స్వరము నిజముగా నిలుకడగా నుండక, సెకనుకు ఆరేడు సార్లు పైకిని క్రిందికిని ఊగుచుండునని కనుగొనిరి. శ్రోతకు ఆ ఊపు ఉన్నంతగా తోపదు. ఒక్క మధురస్వరముగనే వినబడును. ఈ విషయములను ఆయన 1938లో వెలువడిన తన గ్రంథమున విశదపరచెను.

సంగీతమునకు మూలమైన శక్తులు పుట్టుకతో వచ్చునవనియు, శిక్షణచే అంతగా పెరుగవనియు సీషోర్ విశ్వసించెను. జేమ్స్ మర్సెల్ అను విద్వాంసుడు దీనిని ఖండించెను. విడివిడి ధ్వనులను గుర్తించుట వేరు, పాటను గ్రహించుట వేరని ఆయన వాదము. ఒక పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినంతమాత్రమున బాలునకు సంగీతము నేర్పకుండుట న్యాయమా? అభ్యాసము, పరిసరములు, ఆసక్తి కూడ ముఖ్యములని తరువాతి పరిశోధకులు తెలిపిరి.

సీషోర్ 1949లో మరణించెను. ఆయన సిద్ధాంతములన్నియు నిలువలేదు. కాని సంగీతమును ప్రయోగశాలలో పరిశీలింపవచ్చునని ఆయన చూపిన మార్గము నిలిచినది. కొలత విద్యార్థికి దారి చూపవలెను గాని, దారిని మూయరాదు.